పొయ్యి పక్కన రెండో డబ్బా: ఐజాల్ ప్రెస్బిటేరియన్ సంఘం నడిచే తీరు

(సంఘ పెద్దలు, కోశాధికారులు, స్త్రీల సమాజ సభ్యుల కోసం జరిగిన తరగతిలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ వందనాలు.

మిజోరంలో ప్రెస్బిటేరియన్ కుటుంబం వంటింట్లోకి వెళ్తే పొయ్యి దగ్గర బియ్యానికి రెండు పాత్రలు కనిపిస్తాయి. పెద్దది ఇంటిది, చిన్నది సంఘానిది. ఎసరు పెట్టే ముందు ఇల్లాలు ఆ పూటకు కావలసిన బియ్యం కొలుచుకుంటుంది. కొలుచుకున్న ఆ బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి చిన్న డబ్బాలో వేస్తుంది. తర్వాతే బియ్యం కడుగుతుంది. మిజో భాషలో దీన్ని ‘బుఫై థమ్’ అంటారు. బుఫై అంటే దంచి చెరిగిన బియ్యం, థమ్ అంటే పిడికెడు. ఐజాల్ పట్నంలో మిషన్ వెంగ్ అనే పేటలో 1910లో మొదలైన అలవాటు ఇది. ఇవాళ్టికీ నడుస్తోంది.

‘కొలుచుకున్న బియ్యంలోంచి’ అన్నాను, ఆ మాట పట్టుకుని ఉండండి. కాసేపట్లో దాని దగ్గరికే వస్తాను.

ఈ సంఘం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఉజ్జీవం గురించి, అంటే జనంలో భక్తి ఒక్కసారిగా పెల్లుబకడం గురించి, పాటల గురించి చెబుతారు. అవీ నిజమే. నూరేళ్లకు పైగా సంఘం చెదరకుండా నిలవడానికి మాత్రం పనుల పంపకం కారణమని నా నమ్మకం. ఎవరి వంతు ఏమిటి, ఏ రోజు ఎవరు కూడాలి, ఏ కానుక ఏ పద్దులోకి పోవాలి, ఆ లెక్క ఎవరు రాయాలి అన్నది వాళ్లు ముందే తేల్చుకున్నారు. ఈ పూట మీకు చెప్పదలచుకున్నది ఆ పంపకం గురించే.

ముందు పేరు సంగతి చూద్దాం. మన జిల్లాల్లో బాప్టిస్టు, లూథరన్, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), మెథడిస్టు బోర్డులు కనిపిస్తాయి కానీ ప్రెస్బిటేరియన్ బోర్డు అరుదు. గ్రీకులో ప్రెస్బుటెరోస్ అంటే పెద్ద, వయసులోనూ బాధ్యతలోనూ. ఈ పద్ధతిలో బిషపు ఉండడు. సంఘం ఎన్నుకున్న పెద్దలు, అభిషిక్తుడైన పాస్టరు ఒకే బల్ల చుట్టూ కూర్చుని తీర్మానాలు చేస్తారు. పాస్టరు బోధించే పెద్ద, మిగతావాళ్లు పరిపాలించే పెద్దలు. మనవైపు ఇది బొత్తిగా తెలియనిదేమీ కాదు. మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల్లో పనిచేసిన ఆర్కాట్ మిషన్ అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చికి చెందింది. వాళ్లదీ ఈ పెద్దల పాలనే. 1908లో దక్షిణాది ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు కలిసి సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి అయ్యారు. 1947 సెప్టెంబరు 27న అది సి.ఎస్.ఐ.లో కలిసింది. దాంతో ఆ పేరు మన బోర్డుల మీద నుంచి పోయింది. ఈశాన్యంలో ఆ కలయిక జరగలేదు కాబట్టి పేరూ పద్ధతీ అలాగే ఉన్నాయి.

ఇక చరిత్ర. 1894 జనవరి 11న జె.హెచ్. లొరైన్, ఎఫ్.డబ్ల్యు. సావిడ్జ్ అనే ఇద్దరు మిషనరీలు పడవలో త్లాంగ్ నదికి ఎదురెక్కి సైరంగ్ అనే రేవులో దిగారు. లీడ్స్ నగరానికి చెందిన రాబర్ట్ ఆర్థింగ్టన్ అనే సంపన్నుడి ఖర్చుతో వచ్చారు వాళ్లు. ఆ జనవరి 11 ఇప్పటికీ మిజోరంలో సెలవు దినం. నాలుగేళ్లలోపే మిజో భాషకు రోమన్ అక్షరాలతో రాత కూర్చారు, బడి పెట్టారు, లూకా, యోహాను సువార్తలనూ అపొస్తలుల కార్యాలనూ అనువదించారు. 1898లో వాళ్ల వ్యాకరణం, నిఘంటువు అచ్చయ్యాయి. వాళ్లు ఉండగా సంఘం మాత్రం పుట్టలేదు.

సంఘం పుట్టింది వేల్స్ దేశపు ప్రెస్బిటేరియన్ల చేతుల్లో. 1897 ఆగస్టు 31న డి.ఇ. జోన్స్ ఐజాల్ చేరాడు. మిజోలు ఆయన్ను జోసఫ్లుయా అని పిలుచుకున్నారు. మరుసటి ఏడాది చివర్లో ఎడ్విన్ రోలాండ్స్ వచ్చాడు, ఆయన జోసప్‌థారా. 1899 జూన్ 25న ఖుమా, ఖారా అనే ఇద్దరు మిజోలకు బాప్తిస్మం ఇచ్చారు. సంఘం మొదటి పేర్లు ఆ రెండే. లొరైన్, సావిడ్జ్ 1903లో బాప్టిస్టు మిషన్ తరఫున తిరిగొచ్చి దక్షిణాన లుంగ్లెయ్ దగ్గర స్థిరపడ్డారు. ఉత్తరం ప్రెస్బిటేరియన్, దక్షిణం బాప్టిస్టు అన్న విభజన అక్కడి నుంచి వచ్చింది.

వేల్స్ వాళ్లు రావడం వల్ల మూడు అలవాట్లు స్థిరపడ్డాయి. పెద్దల పాలన ఒకటి. పెద్దవాళ్లకు కూడా సండే స్కూల్ పెట్టడం రెండోది. వేల్స్‌లో తరాల తరబడి రైతులు, గని కూలీలు చదవడం నేర్చుకున్నది సండే స్కూల్లోనే, అదే అలవాటు ఇక్కడికి వచ్చింది. మిజోరంలో తాతయ్య కూడా ఆదివారం పొద్దున పాఠం పుస్తకం పట్టుకుని తన తరగతిలో కూర్చుంటాడు. పిల్లలకు తరగతులవారీగా ఏటా పరీక్షలు జరుగుతాయి. 2011 జనాభా లెక్కల్లో మిజోరం అక్షరాస్యత 91.33 శాతం. దానికి మిషన్ బడులు ఎంత కారణమో ఈ ఆదివారపు తరగతులూ అంతే కారణం. మూడోది టానిక్ సోల్ఫా, అంటే స్వరాలను గీతల మీద కాకుండా ద, ర, మ, ఫ, స అని అక్షరాల్లో రాసే పద్ధతి. పియానో లేకపోయినా, సంగీతం మాస్టారు లేకపోయినా నాలుగు గొంతుల్లో పాడగలగడం దీని వల్ల సాధ్యమైంది. మనం సరిగమలు రాసుకోవడం లాంటిదే అనుకోండి.

1904లో వేల్స్‌లో లేచిన ఉజ్జీవం ఖాసీ కొండల మీదుగా 1906లో ఐజాల్ చేరింది. 1910లో మొదటి ప్రెస్బిటరీ, అంటే అనేక సంఘాల పాస్టర్లూ పెద్దలూ కలిసే సభ, కూడింది. 1913లో ఛువాఖామా మొదటి మిజో పాస్టరుగా అభిషేకం పొందారు. ఈ మధ్యలో 1911, 12ల్లో ‘మౌతామ్’ వచ్చింది. అక్కడి కొండల్లో మెలోకన్నా అనే వెదురు దాదాపు 48 ఏళ్లకు ఒకసారి గుంపుగా పూసి చచ్చిపోతుంది. దాని కాయలు తిని ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి. కాయలు అయిపోయాక పొలాల మీద, గాదెల మీద పడతాయి. పిడికెడు బియ్యం మొదలై ఏడాది తిరిగిందో లేదో ఈ కరువు వచ్చిందన్నమాట. తినడానికే లేని రోజుల్లో కూడా అలవాటు చావలేదు. ఎందుకంటే వాళ్లు ఇస్తానన్నది కిలోల లెక్క కాదు. పొయ్యి వెలిగితే పిడికెడు, వెలగకపోతే లేదు, అంతే. బైబిల్లో సారెపతు విధవరాలి తొట్టిలో తరగని పట్టెడు పిండి సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు.

సంఘాన్ని మిజోలో ‘కొహ్‌రాన్’ అంటారు. కొహ్ అంటే పిలవడం, హ్రాన్ అంటే విడిగా. విడిగా పిలవబడినవాళ్లు అని అర్థం.

ఇప్పుడు బియ్యం దగ్గరికి వద్దాం. లెక్క వేసుకుంటే గాని దీని బలం తెలియదు. మిజోలు రోజుకు రెండు పూటలు అన్నం తింటారు, పొద్దున తొమ్మిదిలోపు ఒకసారి, సాయంత్రం ఆరు ప్రాంతంలో ఒకసారి. ఆడమనిషి పిడికిట్లో దాదాపు 40 గ్రాముల బియ్యం పడతాయనుకుందాం. రోజుకు 80, వారానికి 560 గ్రాములు. ఏడాదికి 29 కిలోలు. ఇది ఒక ఇంటి సంగతి. 150 ఇళ్లున్న సంఘంలో వారానికి 84 కిలోలు, ఏడాదికి 43 క్వింటాళ్లు దాటుతాయి. కిలో 40 రూపాయలకు అమ్మినా లక్షా డెబ్భై వేలు పైనే. ఇందులో ఏ ఇంటికీ ఆ పూట అన్నం తగ్గిన సంగతి తెలియదు. అదే ఇంటిని ఏడాదికి ఒకసారి 29 కిలోల బస్తా తెచ్చి ఇమ్మంటే ఎంతమంది తెస్తారో మీరే చెప్పండి.

వారానికి ఒకసారి స్త్రీల సమాజం వాళ్లు ఇల్లిల్లూ తిరిగి వసూలు చేస్తారు. సంఘాన్ని వాడలుగా పంచుకుని వాడకు ఇద్దరు ముగ్గురు చొప్పున తిరుగుతారు. వచ్చిన బియ్యాన్ని అమ్ముతారు, ఎక్కువగా కొనేది సంఘస్థులే. ఆ డబ్బు స్త్రీల సమాజం పద్దులోకి, అక్కడి నుంచి సువార్త పనికి, మిషనరీల జీతాలకు, బీదల సాయానికి పోతుంది. మిజోరం సంఘాలు తమ రాష్ట్రం బయట చాలాచోట్ల మిషనరీలను పోషిస్తున్నాయి. ఆ ఖర్చులో ఈ పిడికిళ్ల వాటా పెద్దది.

ఇది మన సంఘాల్లో కొత్తేం కాదు, గుప్పెడు బియ్యం మనకూ ఉందని మీరు అనవచ్చు. నిజమే. చాలాచోట్ల మొదలైంది, చాలాచోట్ల ఆగిపోయింది. ఎక్కడ ఆగుతుందో చూద్దాం.

మొదటి చోటు ఇందాక పట్టుకుని ఉండమన్న మాట. పిడికెడు తీయాల్సింది పూటకు కొలుచుకున్న బియ్యంలోంచి. బస్తాలోంచి కాదు. బస్తాలోంచి తీస్తే అది వేరే పని అయిపోతుంది, దానికి ప్రత్యేకంగా గుర్తు ఉండాలి. రెండు రోజులు మరిచిపోతారు, మూడో రోజు కలిపి వేద్దామనుకుంటారు. వారం చివర వసూలుకు ఎవరో గుమ్మంలోకి వచ్చాక బస్తాలో చెయ్యి పెట్టి ఒక డబ్బాడు పోసి పంపిస్తారు. బియ్యం వచ్చినట్టే ఉంటుంది, అలవాటు చచ్చిపోయి ఉంటుంది. మూడు నెలల్లో ఆ డబ్బాడు సగం డబ్బా అవుతుంది. చేతిలో ఉన్న గిన్నెలోంచి తీస్తే మరిచిపోవడం కష్టం, ఎందుకంటే వంట మరిచిపోరు.

రెండోది కలగలుపు. ఒక ఇంట్లో పాత సన్నబియ్యం, ఇంకో ఇంట్లో కొత్త దొడ్డుబియ్యం, మరో ఇంట్లో నూకలు ఎక్కువున్న రకం. అన్నీ ఒకే గోనెలో పోస్తే వండినప్పుడు కొత్త బియ్యం ముద్దవుతాయి, పాతవి పలుకుగా ఉంటాయి. ఒకసారి కొన్నవాళ్లు రెండోసారి కొనరు, ధర పడిపోతుంది. అందుకని వసూలుకు వెళ్లేటప్పుడే రెండు సంచులు తీసుకెళ్లాలి. సన్నవి ఒకదాంట్లో, దొడ్డువి ఒకదాంట్లో. ఇంటి గుమ్మంలోనే వేరు చేయాలి. తర్వాత వేరు చేయడం ఎవరి తరమూ కాదు.

మూడోది తేమ. మిజోరంలో మే నుంచి సెప్టెంబరు దాకా వానే వాన, మనకు కోస్తాలో ఆ ఉక్క తెలుసు. వంటింట్లో ఆవిరి తగిలేచోట మూత సరిగా లేని డబ్బా పెడితే వారంలో బియ్యం మెత్తబడి వాసన వేస్తాయి. ముక్కపురుగు పడుతుంది. ఒక ఇంటి పురుగు గోనె మొత్తానికి పాకుతుంది. అందుకే వసూలు వారం దాటకూడదు. నెలకోసారి పెట్టుకుంటే తిరిగే శ్రమ తగ్గుతుందని అనుకుంటారు, దాంతో బియ్యమే పాడవుతుంది. చిన్న డబ్బా కిలో కంటే ఎక్కువ పట్టకూడదన్నది కూడా ఇందుకే. డబ్బా నిండుతోందంటే వసూలుకు రాలేదని ఇంటివాళ్లకు తెలియాలి.

నాలుగోది లెక్క. తూకం ఒక్కరే వేయకూడదు. ఒకరు తూయాలి, ఒకరు రాయాలి. వాడ పేరు, తేదీ, ఎన్ని ఇళ్లు ఇచ్చాయి, సన్నవి ఎన్ని కిలోలు, దొడ్డువి ఎన్ని కిలోలు, అమ్మిన ధర, కొన్నవారి సంతకం అని ఏడు గళ్లు చాలు. ఏ ఇల్లు ఎంత ఇచ్చిందో ఇంటివారీగా తూయకండి. పిడికెడు పిడికెడే, చిన్న చెయ్యి ఉన్నవాళ్లకు తక్కువ పడుతుంది. ఇంటివారీగా తూయడం మొదలుపెడితే అది శిస్తు అవుతుంది. కొనేవాళ్ల దగ్గర అప్పు పెట్టకండి. సంఘం బియ్యం అప్పుగా ఇచ్చి అడగలేక పోగొట్టుకున్న సంఘాలు మనవైపు తక్కువేం కాదు.

బియ్యం ఇక్కడికి ఆపుదాం. డబ్బు కానుకల విషయంలో మిజో సంఘం చేసిన ఏర్పాటు నాకు ఇంకా నచ్చుతుంది. వాళ్లు దశమభాగాన్ని, అంటే ఆదాయంలో పదో వంతు కానుకను, మూడు పేర్లతో మూడు పద్దుల్లో వేస్తారు. ‘పథియన్ రామ్’ అంటే దేవుని రాజ్యం, అందులోంచి పాస్టర్లను పోషిస్తారు. ‘రామ్‌థర్’ అంటే కొత్త నేల, అది సువార్త పంపిణీకి. ‘తువల్‌ఛుంగ్’ అంటే ముంగిలి లోపలిది, స్థానిక సంఘం ఖర్చులకు. ఏ పద్దుకు ఎంతో ఇచ్చే కుటుంబమే రాసి ఇస్తుంది. మొదటి రెండూ సినడ్‌కు, అంటే సంఘాలన్నిటి మీదా ఉన్న పై సభకు, వెళ్తాయి, మూడోది మాత్రమే ఊళ్లో ఉంటుంది.

దీని ఫలితం చూడండి. పాస్టరు జీతం స్థానిక సంఘం చేతిలో ఉండదు, సినడ్ నుంచి వస్తుంది. ఐజాల్ నడిబొడ్డున ఉన్న పాస్టరుకూ, సరిహద్దు కొండ మీద నాలుగు పల్లెలు చూసుకునే పాస్టరుకూ ఒకే కొలమానం. కాబట్టి డబ్బున్న కుటుంబం పాస్టరును లొంగదీసుకోవడం కష్టం, పాస్టరు పేద ఊరికి వెళ్లనని అనడమూ కష్టం. కొన్నేళ్లకు బదిలీ తప్పదు. మనవైపు ఎన్ని తగాదాలు ‘మా కానుకతో బతుకుతున్నాడు’ అన్న ఒక్క మాటతో మొదలయ్యాయో ఇక్కడున్న పెద్దలకు తెలుసు.

పాలన మెట్లు ఇవి. ఊళ్లో కొహ్‌రాన్. కొన్ని కొహ్‌రాన్‌లు కలిస్తే ఒక పాస్టరు కింద ‘బియాల్’. బియాల్‌లు కలిస్తే ప్రెస్బిటరీ. పైన ఐజాల్‌లో సినడ్, ఆ పైన షిల్లాంగ్ కేంద్రంగా అఖిల సభ. పల్లెల్లో ఒక పాస్టరుకు అనేక సంఘాలు ఉంటాయి కాబట్టి చాలా ఆదివారాలు ఆయన ఊళ్లో ఉండడు. ఆరాధన నడిపేది, వాక్యం చెప్పేది ‘ఉపా’లు, అంటే పెద్దలు. సంఘస్థులు ఓట్లు వేసి ఉపాలను ఎన్నుకుంటారు, ప్రెస్బిటరీ అభిషేకిస్తుంది. ప్రభురాత్రి భోజనం, బాప్తిస్మం మాత్రం పాస్టరు వచ్చినప్పుడే. అందుకని ఆయన తిరుగుడు పట్టిక ముందే వేస్తారు. ఆ పట్టిక తప్పితే పల్లె సంఘం నెలల తరబడి ప్రభు బల్లకు, అంటే ఆ భోజనానికి, దూరమవుతుంది.

వారం ఎలా పంచారో చెబుతాను. సోమవారం రాత్రి యువజనులది. వాళ్ల సంస్థ పేరు క్రిస్టియన్ థలై పాల్, అందరూ కె.టి.పి. అంటారు, 1954లో మొదలైంది. మంగళవారం రాత్రి స్త్రీల సమాజానిది. బుధవారం రాత్రి సంఘమంతా కూడుతుంది. శనివారం రాత్రి మళ్లీ కూడిక. ఆదివారం పొద్దున సండే స్కూల్, మధ్యాహ్నం ఆరాధన, రాత్రి ఇంకో ఆరాధన. ఇంత ఎక్కువ అని మనకు అనిపిస్తుంది. కానీ ఒక రాత్రి ఎవరిదో ముందే తేలిపోయి ఉండడం వల్ల హాలు కోసం పోట్లాట ఉండదు, ఒకే గుంపు మీద అన్ని పనులూ పడవు. యువజనుల రాత్రి వాళ్లే అధ్యక్షులు, వాళ్లే వక్తలు. ఇరవై ఏళ్ల పిల్ల మైకు ముందు నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడటం అక్కడ నేర్చుకుంటుంది. మన దగ్గర యువజన కూడికకు కూడా పెద్దవాళ్లే వచ్చి గంటసేపు మాట్లాడి వెళ్తున్నారు. అది మార్చుకోవాలి.

పాటల గురించి కొంచెం ఆగి చెప్పాలి. మిజోల పాత జీవితంలో ‘ఖువాంగ్’ అనే డోలు విందులకూ, సారాయికీ తోడుగా ఉండేది. చెట్టు మాను తొలిచి రెండు వైపులా తోలు బిగించి చేస్తారు. ఆ పాత సంబంధం వల్ల మొదటి క్రైస్తవులు డోలును గుడి గడప దాటనివ్వలేదు. వేల్స్ పాటలు వేల్స్ బాణీలోనే పాడారు. 1919 ఉజ్జీవం తర్వాత పరిస్థితి మారింది. 1920 ప్రాంతంలో మిజో కవులు తమ నుడికారంలో, ఐదు స్వరాల పాత బాణీలో క్రైస్తవ గీతాలు కట్టడం మొదలుపెట్టారు. వాటిని ‘లెంగ్‌ఖామ్ జై’ అంటారు, అంటే కూడి పాడే పాట. డోలు లేకుండా అవి నడవవు. ఈ రోజు ఏ ప్రెస్బిటేరియన్ గుడికి వెళ్లినా వేదిక పక్కన డోలు ఉంటుంది. మన సంఘాల్లో డప్పు గురించి, చెక్కభజన గురించి జరిగిన వాదన మీకు గుర్తు రావాలి. ఒకే వాదన, వేరే కొండ.

లెంగ్‌ఖామ్ పాడే తీరు ఇలా ఉంటుంది. ఒకరు తర్వాతి పాదాన్ని ముందుగా వేగంగా చదివి అందిస్తారు, అందరూ నెమ్మదిగా సాగదీసి పాడతారు. పుస్తకం చూడలేని ముసలివాళ్లు కూడా పాడగలగడం దీని వల్లే. డోలు కొట్టేవాడి చేతిలో అంతా ఉంటుంది. వేగం పెంచితే పాట ఊపిరి అందక చెదురుతుంది, బాగా తగ్గిస్తే జనం నీరసపడతారు. అందుకని ఆ పని ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వరు.

చావు ఇంట్లో ఈ పాటకు అసలు విలువ తెలుస్తుంది. ఎవరైనా పోయారంటే పేటలో యువకులు సమాధి తవ్వడానికి వెళ్తారు, కూలికి మనిషిని పెట్టరు. ఈ పనిని నడిపేది వై.ఎం.ఏ., యంగ్ మిజో అసోసియేషన్. మిషనరీలూ సంఘ నాయకులూ కలిసి 1935 జూన్ 15న దాన్ని మొదలుపెట్టారు, అప్పట్లో యంగ్ లుషాయ్ అసోసియేషన్. శవం ఉన్న ఇంట్లో రాత్రంతా పాడుతూ కూర్చుంటారు. సమాధి అయిన తర్వాత కూడా ఇరుగుపొరుగు రాత్రిళ్లు వచ్చి ఆ ఇంటివాళ్ల మధ్య కూర్చుని పాడతారు. మాట్లాడి ఓదార్చడం అందరికీ రాదు. పక్కన కూర్చుని పాడటం అందరికీ వస్తుంది. ‘త్లామ్‌ఙైనా’ అని వాళ్లకు ఒక మాట ఉంది. అడిగించుకోకుండా, తన సుఖం చూసుకోకుండా ఇతరుల పనికి పోవడం అని దాని భావం. సంఘం పుట్టకముందు నుంచీ ఉన్న విలువ అది. సంఘం దాన్ని తనలోకి తీసుకుంది.

క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ సంఘమంతా కలిసి విందు చేస్తారు, దాన్ని ‘రువాయ్’ అంటారు. మనిషికి 200 గ్రాముల బియ్యం, 200 గ్రాముల మాంసం చొప్పున 600 మందికి 120 కిలోల బియ్యం, 120 కిలోల మాంసం కావాలి. ఇంటింటికీ చందా, కట్టెలు, నీళ్లు, కోయడం, వండటం, వడ్డించడం, గిన్నెలు తోమడం అన్నీ వాడలవారీగా వంతులు. పంది మాంసం ముక్కలు ఒకే పరిమాణంలో కోయడం తప్పనిసరి. పెద్ద ముక్క లోపల పచ్చిగా ఉండిపోతే జబ్బు చేస్తుంది. ఇంత పెద్ద బానల్లో అన్నం అడుగు మాడటం మామూలే. అందుకని ఒక్క పెద్ద బానకంటే ఐదారు మధ్యస్థ బానలు నయం.

కష్టకాలం గురించి రెండు ముక్కలు. 1966 మార్చిలో భారత ప్రభుత్వం మీద మిజో తిరుగుబాటు, దాన్ని అణచడానికి ఐజాల్ మీద విమానాలతో దాడి జరిగాయి. 1967 నుంచి సైన్యం పల్లెలను ఖాళీ చేయించి రోడ్ల వెంట పెద్ద గుంపులుగా చేర్చింది. నాలుగు ఊళ్ల సంఘాలు ఒకే చోట పడ్డాయి, నాలుగు ఊళ్ల పెద్దలు ఒకే బల్ల దగ్గర. వెల్ష్ మిషనరీలు 1968కల్లా వెళ్లిపోవలసి వచ్చింది. అప్పటికి పాలన, కానుక, బోధన అన్నీ మిజోల చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి సంఘం ఆగలేదు. 1986 జూన్ 30న శాంతి ఒప్పందం కుదిరేదాకా మధ్యవర్తులుగా సంఘ నాయకులు చేసిన కృషి అక్కడ అందరికీ తెలిసిందే.

లోపాలు చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే. బియ్యం పోగుచేసింది స్త్రీలు, పెద్దల బల్ల మీద ఆ బియ్యం డబ్బు గురించి తీర్మానించింది చాలాకాలం పురుషులే. ఈ విషయంలో వాళ్ల మధ్యే దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. నా మనసులో మాట, పిడికిలి ఎవరిదో బల్ల మీద కుర్చీ కూడా వాళ్లకు ఉండాలి. రెండోది కట్టడాలు. వెదురు తడికల గుడి నుంచి రేకుల గుడికి, అక్కడి నుంచి కాంక్రీటుకు వచ్చారు. ఐజాల్ వాలు మీద ముందువైపు రోడ్డు మట్టానికి ఉంటే వెనకవైపు స్తంభాలు మూడు నాలుగు అంతస్తులు దిగుతాయి. భూకంపాల పటంలో అది బాగా ప్రమాదకరమైన ప్రాంతం. పక్క పేట గుడి కంటే మనది ఎత్తుగా ఉండాలన్న పోటీకి అక్కడి సొంత మనుషులే బాధపడుతున్నారు. మూడోది క్రమశిక్షణ. తాగుడుకో, మరో తప్పుకో కొన్ని నెలలు ప్రభు బల్లకు దూరం పెట్టడం, తర్వాత తిరిగి చేర్చుకోవడం అక్కడి నియమం. తిరిగి చేర్చుకునే రోజున ఎవరూ ఆ మనిషి ఇంటికి వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకురాకపోతే, సిగ్గుతో ఆ మనిషి వేరే సంఘానికి వెళ్లిపోతాడు. దూరం పెట్టిన తేదీ పుస్తకంలో రాస్తారు. వెళ్లి కలవాల్సిన తేదీ కూడా పక్క గడిలో రాయాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: అయ్యగారూ, పట్నంలో మేము ఒక పూటే అన్నం వండుకుంటాం, రాత్రి చపాతీలు. పిడికెడు బదులు నెలకు వంద రూపాయలు వేస్తే సరిపోదా?

డబ్బు వేయండమ్మా, అదీ కానుకే. కానీ దాన్ని బియ్యం పద్దులో కలపకండి, విడిగా రాయండి. కలిపితే ఏ వాడలో డబ్బా ఆగిపోయిందో మీకు తెలియదు. చపాతీల పూట పిండి పిడికెడు వేసే ఆలోచన మాత్రం వద్దు, పిండి బియ్యం కంటే తొందరగా పురుగు పడుతుంది. వండే ఒక్క పూటకే ఒక్క పిడికెడు వేయండి. వారానికి 280 గ్రాములు, తక్కువేం కాదు.

ప్రశ్న: మా సంఘంలో సగం ఇళ్లలో రేషన్ బియ్యమేనండీ. వాటిని ఎలా అమ్మాలి?

అమ్మకూడదు. రేషన్ బియ్యం తిరిగి అమ్మడం, కొనడం రెండూ నేరం, కేసులు పెడుతున్నారు. సంఘం పేరు మీద ఆ పని జరగకూడదు. ఆ ఇళ్లకు మూడో సంచి పెట్టండి. ఆ బియ్యాన్ని ఎవరికీ అమ్మకుండా సంఘంలోనే వండండి. నెలకోసారి వృద్ధులకు, ఒంటరివాళ్లకు భోజనం పెట్టండి, లేదా మంచాన పడ్డవాళ్ల ఇంటికి వండి క్యారేజీలో పంపండి. పుస్తకంలో అమ్మిన ధర గడిలో గీత కొట్టి, ‘వండినవి’ అని, ఎంతమంది తిన్నారో రాయండి. ముందు 25 ఇళ్లున్న ఒక్క వాడలో మొదలుపెట్టండి. ఒక తరాసు, మూడు సంచులు, ఒక పుస్తకం, ఇద్దరు మనుషులు చాలు. డబ్బాలు మాత్రం కిలో పట్టేవి, మూత బిగుతుగా కూర్చునేవి చూసి కొనండి. జూన్‌లో వానలు పట్టకముందే కొనండి.